చిన్న గది లోపలి పని: ఎవరి తర్వాత ఎవరు

(విజయవాడలో, తోటల్లో, డాబాల పక్కన సొంతంగా చిన్న గదులు కట్టుకుంటున్నవారికీ, వారి మేస్త్రీలకూ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఎత్తి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. మేస్త్రీలు వెనకాల నిలబడ్డారు, ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ సగం మాటలు మీతోనే.

మనం ఒక గదిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. గుంటూరు పక్కన ఏదో మిరప చేలోనో, నూజివీడు వైపు మామిడి తోటలోనో కట్టుకున్న గది అనుకోండి. లోపలి కొలత 12 అడుగులు, 18 అడుగులు. గోడలు ఫ్లై యాష్ ఇటుకవి. పైన రంగు రేకులు, కింద ఇనుప గొట్టాల ఫ్రేము. ఒక మూల నాలుగున్నర అడుగులకు ఏడు అడుగుల బాత్రూము, ఇంకో గోడకు ఆరడుగుల వంట గట్టు. ఒక గుమ్మం, రెండు కిటికీలు. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. ఇక లోపలి పని మొదలు.

పెద్ద ఇంట్లో ఒక గదిలో తాపీ పని జరుగుతుంటే పక్క గదిలో రంగులు వేసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఉన్నది ఒకే గది, ఒకే గుమ్మం. సామాను పెట్టేదీ అందులోనే, మనుషులు తిరిగేదీ అందులోనే. వరస తప్పిందంటే ఒకరు చేసింది ఇంకొకరు పగలగొట్టాల్సిందే. చాలామంది ఏ ముఠా దొరికితే ఆ పని ముందు పెడతారు. రంగుల వాళ్లు ఖాళీగా ఉన్నారని లప్పం, అంటే గోడ నునుపు చేసే పుట్టీ, పెట్టించేస్తారు. గోడ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

నా లెక్కలో వరసను తేల్చేది నీళ్లు. ఈ గదికి గోడల పూత, అంటే సిమెంటు ప్లాస్టరింగు, దాదాపు 735 చదరపు అడుగులు వస్తుంది, బాత్రూము అడ్డగోడ రెండు వైపులా కలుపుకుని, గుమ్మాలు కిటికీలు తీసేసి. ఒకటికి ఐదు పాళ్లలో, అర అంగుళం పైచిలుకు మందంలో ఏడెనిమిది బస్తాల సిమెంటు, 45 నుంచి 50 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. ఆ మాలు కలపడానికే 250 లీటర్ల దాకా నీళ్లు పోస్తారు. సిమెంటు తన బరువులో పావు వంతు నీటిని పట్టుకుని గట్టిపడుతుంది. మిగతాదంతా గాలిలోకి పోవాలి. దాని మీద వారం రోజులు మనం కొట్టే నీళ్లు వేరే. ఈ నీళ్లన్నీ బయటికి పోయే దారిలో లప్పం అడ్డం పెడితే లప్పం ఊడుతుంది. ప్లైవుడ్ బీరువా అడ్డం పెడితే దాని వీపు బూజు పడుతుంది. కొత్త తలుపు బిగిస్తే అది ఆ తేమ తాగి ఉబ్బుతుంది, మూడు నెలల తర్వాత ఎండి సందులు ఇస్తుంది. అందుకని ఏ పని ముందు అని అడిగేబదులు, ఈ పనిలో నీళ్లు ఎన్ని, అవి పోవడానికి ఎన్నాళ్లు అని అడగండి. వరస దానంతటదే వస్తుంది.

సరే, మొదటి రోజు. ఒక్క గోడ కూడా చెక్కకముందు చేయాల్సినవి రెండు.

ఒకటి, రేకుల మీద నీళ్లు కొట్టించి చూడటం. మోటారు పైపు పెట్టి, వాలు పై చివర నుంచి కిందకి అరగంట వదలండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని ఫ్రేము వెంట చూడాలి. కారేది ఎక్కువగా స్క్రూల దగ్గర. స్క్రూ రేకు మిట్ట మీద పడాలి. పల్లంలో పడితే నీళ్లు దాని మీదుగానే పారతాయి. రబ్బరు వాషరు నలిగిపోయేలా బిగించినా కారుతుంది, వదులుగా వదిలినా కారుతుంది. రేకుల కింద వేడి ఆపే ఫోము, రేకు కాగితం లాంటి పొర వేయించదలచుకుంటే అది రేకులతోపాటే పడాలి. తర్వాత కిందనుంచి అంటించింది మన రోహిణి కార్తె వేడికి జిగురు వదిలి వేలాడుతుంది.

రెండోది మట్టం గీత. ఇది అర పూట పని. దీన్ని వదిలేసిన గదిలో చివరిదాకా ఏదీ ఏదానికీ కలవదు. నీళ్ల ట్యూబు పట్టుకుని గది చుట్టూ నాలుగు గోడల మీదా, బాత్రూము లోపలా ఒకే మట్టంలో గీత కొట్టండి. పూర్తయిన నేలకు సరిగ్గా మూడు అడుగుల పైన. పూర్తయిన నేల అంటే కింద పోసిన కాంక్రీటు బెడ్డు కాదు, టైలు పైభాగం. టైలు ఇంకా కొనలేదు కదా అనొద్దు. రెండు అడుగుల టైలు మందం 9 మిల్లీమీటర్ల దాకా, దాని కింద మాలు అంగుళంన్నర. కలిపి రెండు అంగుళాలు అనుకోండి. అంటే మీ కాంక్రీటు బెడ్డు పైభాగం మట్టం గీతకు 38 అంగుళాల కింద ఉండాలి. గుమ్మం దగ్గర, బాత్రూము దగ్గర, వంట గట్టు దగ్గర టేపు పట్టి చూడండి. బెడ్డు ఎక్కడైనా అంగుళం పైకి లేచి ఉంటే ఇప్పుడే చెక్కించండి. ఆ తర్వాత ఎవరు ఏ ఎత్తు కొలిచినా ఆ గీత నుంచే. వంట గట్టు 34 అంగుళాలు కావాలని చెప్తే మేస్త్రి బెడ్డు మీద నుంచి కొలుస్తాడు. టైలు పడ్డాక అది 32 అవుతుంది. ఇంటావిడ నడుం నొప్పి అక్కడ మొదలవుతుంది.

పూత పెడితే ఆ గీత చెరిగిపోతుంది కదా అని ఒక మేస్త్రి అడుగుతున్నారు. చెరిగిపోతుంది. అందుకే ద్వారబంధం మీద, కిటికీ ఫ్రేముల మీద చిన్న గాటు పెట్టుకోవాలి. పూత ఆరాక ఆ గాట్ల నుంచి గీత మళ్లీ కొట్టుకోవచ్చు.

ఇప్పుడు గోడ చెక్కుడు. సుద్దముక్కతో గోడ మీద అన్నీ గీయండి: మంచం ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ, మిక్సీ ఎక్కడ, ఏసీ ఎక్కడ, గీజరు ఎక్కడ. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయాలి. స్విచ్చు బోర్డు తలుపు వెనక పడితే ఆ గది ఉన్నన్నాళ్లూ చీకట్లో తడుముకోవడమే. నాలుగున్నర అంగుళాల గోడలో గాడి లోతు అంగుళంన్నర దాటనివ్వొద్దు. అడ్డంగా పొడుగు గాడి కొట్టొద్దు. పైనుంచి నిలువుగా దిగండి. ఒకే చోట గోడకు రెండు వైపులా బోర్డులు పెడితే మధ్యలో మిగిలేది పెంకు. సుత్తి, ఉలి కంటే కట్టర్‌తో రెండు గీతలు కోసి మధ్యది తీయించండి. ఫ్లై యాష్ ఇటుక దెబ్బకు అంచులు రాలుతుంది.

కరెంటు పైపు 25 మిల్లీమీటర్లది. అందులో ఎన్ని తీగలైనా కుక్కొచ్చు అనుకోవద్దు. పైపు ఖాళీలో నలభై శాతం మించితే తీగ లాగేటప్పుడు పైతొడుగు ఒరుసుకుపోతుంది. లైట్లకు, ఫ్యానుకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, మామూలు ప్లగ్గులకు రెండున్నర, గీజరుకు, ఏసీకి నాలుగు, వేర్వేరు ఎంసీబీల మీద, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చుల మీద. తోటలో తడి నేల కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇప్పుడు పైపులూ పెట్టెలూ మాత్రమే పెట్టాలి, తీగ లాగకూడదు. పెట్టె ముందు అంచు పూత పైమట్టానికి సమంగా రావాలి. లోపలికి పోతే స్క్రూలు అందవు, బయటికి వస్తే ప్లేటు గోడను అంటదు. పూత పెట్టే ముందు పెట్టెల్లో తడి కాగితం కుక్కించండి. మాలుతో నిండిన పెట్టెను తర్వాత చెక్కాలంటే చుట్టూ పూత లేచిపోతుంది.

ఏసీ పెట్టకపోయినా గోడలో దాని గొట్టం కోసం రెండున్నర అంగుళాల పైపు ముక్క, బయటికి కొంచెం వాలుగా, ఇప్పుడే పెట్టేయండి. చవక ముక్క అది. తర్వాత పూర్తయిన గోడలో కన్నం కొట్టించే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు.

ఫ్యాను సంగతి. రేకుల గదిలో ఫ్యాను ఫాల్స్ సీలింగుకు వేలాడకూడదు. పై ఇనుప గొట్టానికి క్లాంపు వెల్డింగు చేసి, దాని నుంచి రాడ్డు కిందికి దించాలి. రెక్కలు నేల నుంచి ఎనిమిది అడుగులు, సీలింగు నుంచి కనీసం అడుగు దూరం. ఈ వెల్డింగు పని ఇప్పుడే. సీలింగు వేశాక వెల్డింగు చేస్తే నిప్పురవ్వలు బోర్డు మీద పడతాయి.

నీళ్ల పైపులకు వద్దాం. గోడ లోపల చల్లనీళ్లకు, వేడినీళ్లకు రెంటికీ వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపే వేసేయండి. చల్లనీళ్లకు వేరే చవక పైపు వేసినా ఇంత చిన్న గదిలో మిగిలేదేమీ లేదు. జిగురు పెట్టాక ఒక రోజు కదపొద్దు. ఆ తర్వాత కుళాయి మూతులన్నీ బిరడాలతో మూసి చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు చూడాలి. మా పైన ట్యాంకు ఉంది, దానితోనే నింపి చూశాం అంటారు. పది మీటర్ల ఎత్తు నీళ్లకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. మీ ట్యాంకు పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటే అరకిలో కూడా రాదు. రేపు ప్రెషరు పంపు పెట్టుకుంటే అదే జాయింటు కారుతుంది. వాడబోయే ఒత్తిడికి కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టి, రెండు గంటలు ముల్లు కదలకుండా ఉంటేనే గాడి పూడ్చనివ్వండి.

ఇక్కడ దగ్గరగా చూడాల్సింది ఒకటుంది. కుళాయి బిగించే ఇత్తడి మూతి గోడలోంచి ఎంత బయటికి రావాలి? పూత 15 మిల్లీమీటర్లు, జిగురు 4, గోడ టైలు 8. మొత్తం 27, అంటే అంగుళం పైన కొంచెం. మూతి ఇటుక ముఖం నుంచి అంత బయటికి ఉండాలి. ప్లంబరు ఇటుకకు సమంగా పెట్టేసి వెళ్లిపోతే, టైలు పడ్డాక మూతి లోపల గుంటలో ఉంటుంది. అప్పుడు పొడిగింపు ముక్క వేస్తారు. దాని జాయింటు టైలు వెనక, కంటికి కనపడని చోట. కారుతుంటే మనకు తెలిసేది అడ్డగోడకు అవతల రంగు ఉబ్బినప్పుడే. ఒక చిన్న చెక్క ముక్క 27 మిల్లీమీటర్లు కోసి ప్లంబరు చేతికివ్వండి. మూతి పక్కన గోడకు ఆనించి చూసుకుంటాడు, ఇక మాటలక్కర్లేదు.

గాడులు పూడ్చకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోన్లో ఫోటో తీసుకోండి. అయిదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోయే దిక్కు.

పూతకు ముందురోజే గాడులు ఒకటికి మూడు మాలుతో పూడ్చి, మీద చికెన్ మెష్, అంటే సన్న ఇనుప జాలీ, రెండు పక్కలా ఆరు అంగుళాల చొప్పున వచ్చేలా కొట్టాలి. ఇటుకా కాంక్రీటూ కలిసే చోట్ల కూడా అంతే. జాలీ లేని చోట పైపు వెంట సన్నటి నెర్రె, గీత గీసినట్టు వస్తుంది. గోడను ముందురోజు సాయంత్రం తడిపి, పూత వేళకు పైన తడి ఆరి లోపల చల్లగా ఉండాలి. ఎండిన గోడ మాలులోని నీటిని లాగేస్తుంది. తడి కారుతున్న గోడకు మాలు అంటుకోదు, జారుతుంది. బాత్రూములో టైలు పడే చోట పూతను గరుగ్గా వదలాలి. గదిలో పూర్తయిన నేల మట్టానికి పైన నాలుగు అంగుళాల దాకా పూత పెట్టకుండా వదలండి, స్కర్టింగు, అంటే గోడ అడుగున పెట్టే టైలు పట్టీ, గోడకు సమంగా కూర్చుంటుంది. లేకపోతే ఆ అంచు మీద దుమ్ము పేరుకుంటూనే ఉంటుంది.

క్యూరింగు, అంటే పూత గట్టిపడేలా నీళ్లు కొట్టడం, ఏడు రోజులు. ఎండాకాలం అయితే రోజుకు నాలుగుసార్లు, అందులో మధ్యాహ్నం రెండింటప్పుడు ఒకటి తప్పనిసరి. వేసవిలో రోజుకు రెండుసార్లు కొట్టి వదిలేసిన గోడ గోటితో గీస్తే ఇసుక రాలుతుంది. ఏ నీళ్లు కొడుతున్నారో కూడా చూడండి. బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుబోర్లు ఎక్కువ. ఆ నీళ్లతో మాలు కలిపి, క్యూరింగూ చేస్తే గోడకు తెల్లగా చౌడు ఎక్కుతుంది. దాని మీద ఎంత ఖరీదు రంగు వేసినా పెచ్చులే. కాలవ నీళ్లో, ట్యాంకరో తెప్పించండి.

ఇప్పుడు ఎదురుచూపు. పూత పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే 28 రోజులు. దీన్ని తగ్గించమని అడిగేవాళ్లే ఎక్కువ. గోడ చూడటానికి నాలుగు రోజుల్లోనే తెల్లబడుతుంది, అదే మోసం. పరీక్ష సులువు. అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ కాగితం తీసుకుని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించండి. నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో ఒకటి, బాత్రూము అడ్డగోడ మీద ఒకటి. మర్నాడు ఉదయం అదే వేళకు చూడండి. కాగితం లోపలి వైపు చిన్న చిన్న నీటి చుక్కలు నిలిచినా, కాగితం కింద గోడ పక్క గోడ కంటే నల్లగా కనిపించినా లప్పం వాళ్లకు ఫోను చేయొద్దు. పొడిగా ఉంటే చేయండి. కార్తీకంలో వాన పట్టినప్పుడు 28 రోజులు దాటినా చుక్కలు కనిపిస్తాయి. కిటికీలు తెరిచి ఉంచండి. లోపల బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టే పద్ధతి వద్దు. పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, పైగా మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది.

మన వైపు దీనికొక చక్కని వీలుంది. డిసెంబరు మూడో వారంలో పూత పూర్తిచేస్తే భోగి నాటికి క్యూరింగు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పండక్కి ముఠాలు ఎలాగూ ఊళ్లకు పోతాయి, ముక్కనుమ దాటి ఇంకో నాలుగు రోజులకుగాని రారు. వాళ్లు లేని ఆ రోజుల్లో గోడ తన పని తను చేసుకుంటుంది. జనవరి చివర లప్పం, ఫిబ్రవరిలో రంగులు. గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు.

ఆ 28 రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బాత్రూము పనంతా ఇప్పుడే. ముందు గోడ, నేల కలిసే మూలల్లో మాలుతో గుండ్రంగా పూసి, పాలిమరు కలిసిన వాటర్‌ప్రూఫింగు రెండు కోట్లు వేయాలి. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. గోడ మీదికి అడుగు, షవరు పడే గోడకు ఆరడుగులు. నేల నీళ్లు బయటికి పోయే నాని ట్రాపు చుట్టూ, కమోడు పైపు చుట్టూ వేలితో నొక్కి పూయించండి. కారేవి అక్కడే. ఆరాక ట్రాపు మూసి రెండు అంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదలాలి. గోడ మీద పెన్సిలు గీత పెట్టండి. ఎండాకాలం నీళ్లు ఆవిరై కూడా తగ్గుతాయి కదా, కారిందో ఆవిరైందో ఎలా తెలుస్తుంది? ఒక ప్లాస్టిక్ బేసినులో అంతే లోతు నీళ్లు పోసి అదే బాత్రూములో పెట్టండి. బేసినులో మూడు మిల్లీమీటర్లు తగ్గి, నేల మీద పది తగ్గితే కారుతోంది. రెండూ సమంగా తగ్గితే నిశ్చింత.

నేల వాలు ఏడడుగులకు అంగుళం. గది నేల కంటే బాత్రూము నేల గుమ్మం దగ్గర అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం కిందికి ఉండాలి. దాన్ని కొలిచేదీ మన మూడడుగుల గీత నుంచే. బాత్రూము నేలకు రెండడుగుల టైలు తేవొద్దు. పెద్ద పలక రెండు వైపులకు వాలదు, మూల ఎక్కడో నీళ్లు నిలుస్తాయి. అడుగు టైలు చాలు.

వంట గట్టు కూడా ఈ రోజుల్లోనే. కడప రాళ్ల కాళ్లు బెడ్డు మీద నిలబెట్టి పైన గ్రానైటు వేసేయండి. నేల టైలు తర్వాత వచ్చి కాళ్లకు ఆనుతుంది. గట్టు మీది గోడ టైళ్లు గ్రానైటు పడ్డాకే, పైనుంచి దానిపై కూర్చునేలా. ముందే గోడ టైలు వేసి గ్రానైటు తోస్తే ఆ సందులోంచి నీళ్లు దిగి అరల్లో బొద్దింకల కాపురం.

పూత ఆరింది, పరీక్ష పాసైంది. ఇప్పుడు తీగ లాగుడు, ఆ తర్వాత సీలింగు ఫ్రేము. బాత్రూములో జిప్సం వద్దు, పీవీసీ పలకలు వేయండి. గదిలో జిప్సం వేసినా పైన రేకుకూ సీలింగుకూ మధ్య ఎదురెదురు గోడల్లో రెండు జాలీలు ఉండాలి, ఎలుకలూ ఉడతలూ దూరకుండా సన్న ఇనుప వల బిగించి. ఆ వేడి గాలి పోయే దారి లేకపోతే మే నెలలో సీలింగు వల్ల లాభం సగమే. రేకుల ఫ్రేము ఎండకు సాగుతుంది, గోడ సాగదు. సీలింగును గోడకు లప్పంతో అతికించేస్తే మొదటి వేసవిలోనే అంచు వెంట చీలుతుంది. అర అంగుళం సందు వదిలి, బద్దెతో కప్పించండి.

(ఇక్కడ సభలోంచి ఒకరు అడిగారు: లప్పం ముందా, నేల టైళ్లు ముందా? మా మేస్త్రి టైళ్లే ముందంటున్నాడు.)

మేస్త్రి అలాగే అంటాడండి. టైళ్లు వేసేస్తే ఆయన లెక్క ముగుస్తుంది, డబ్బులు తీసుకుని ఇంకో సైటుకు పోవచ్చు. ఆయన తప్పేం లేదు. టైళ్లు ముందు వేస్తే లాభం కూడా ఉంది. స్కర్టింగు పైన లప్పం అంచు శుభ్రంగా కుదురుతుంది. కానీ లప్పం గీకితే ఈ గదిలో లేచే దుమ్ము చిన్నది కాదు. బాత్రూము టైళ్లు పోను దాదాపు 590 చదరపు అడుగులకు రెండు కోట్ల లప్పం, 40 కిలోల బస్తా ఒకటీ ఇంకో పదో ఇరవయ్యో కిలోలు పడుతుంది. అందులో కొంత ఉప్పుకాగితం కింద పొడై నేల మీదికే వస్తుంది. టైళ్ల సందులు నింపే పొడి ముద్దను గ్రౌటు అంటారు. ఆ లప్పం దుమ్ము గ్రౌటు పెట్టకముందు సందుల్లో చేరితే గ్రౌటు పట్టదు. గ్రౌటు పెట్టాక పడితే తెల్లమచ్చ. నిచ్చెన కాళ్లు, ఇనుప బకెట్టు అడుగులు గీతలు పెడతాయి. పీఓపీ, ప్లాస్టిక్ పట్టా పరిచి కాపాడొచ్చు. పెద్ద ఇంట్లో అలాగే చేయాలి కూడా. పన్నెండు అడుగుల గదిలో పట్టా రోజుకు పదిసార్లు కాళ్లకు తగిలి జరుగుతుంది.

కాబట్టి ఇలాంటి గదికి నా మాట ఇది. లప్పం రెండు కోట్లు, గీకుడు, ప్రైమరు, రంగు మొదటి కోటు. అప్పుడు నేల టైళ్లు. స్కర్టింగు పడ్డాక దాని పైన ఆరంగుళాల మేర చిన్న సరిదిద్దుడు, ఆఖర్లో రంగు రెండో కోటు. రంగుల వాళ్లను రెండుసార్లు పిలవాలి, ఆ మాట గుత్త మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి. తర్వాత చెప్తే రెండో రాకకు వేరే అడుగుతారు, న్యాయమే. ప్రైమరు ఐదారు లీటర్లు, ఎమల్షను రెండు కోట్లకు కలిపి పది లీటర్లు సరిపోతాయి. లప్పం మొత్తం మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. పూతలో ఉన్న గుంటలు లప్పంతో పూడుస్తాం అని మేస్త్రి అంటే ఒప్పుకోవద్దు. బద్దె ఆనించి చూసి పూతలోనే సరిచేయించండి.

నేల టైళ్లు. గది 216 చదరపు అడుగుల్లో బాత్రూము, దాని గోడలు పోను 180. రెండడుగుల టైళ్లు 45, తరుగుతో 49. స్కర్టింగుకు, గుమ్మాలు పోను 54 అడుగులు, ఒక్కో టైలుకు నాలుగంగుళాల ముక్కలు ఆరు, అంటే పన్నెండు అడుగులు. ఐదు టైళ్లు. మొత్తం 54, పెట్టెకు నాలుగు చొప్పున 14 పెట్టెలు. అన్నీ ఒకే బ్యాచి నంబరు ఉన్నాయా అని దించుకునేటప్పుడే చూడండి. తక్కువపడి మళ్లీ తెస్తే రంగు ఒక చాయ తేడా వస్తుంది. ఈ పెట్టెలు నాలుగు వందల కిలోల దాకా తూగుతాయి. గదిలో పెడితే రోజూ వాటిని జరపడమే పని, వరండాలో పెట్టండి.

ఈ నేలకు వేసే విట్రిఫైడ్ టైలును నీళ్లలో నానబెట్టడం అనవసరం. అది అరశాతం కూడా నీళ్లు పీల్చదు. పీల్చదు కాబట్టే వట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టదు. నానబెట్టాల్సింది సిరామిక్ గోడ టైళ్లను, అదీ సిమెంటుతో వేస్తేనే. విట్రిఫైడ్‌కు జిగురు వాడండి. 20 కిలోల బస్తా 45, 50 చదరపు అడుగులకు వస్తుంది. కింద మట్టం చేసిన మాలు రెండు మూడు రోజులు గట్టిపడ్డాక, పళ్ల తాపీతో జిగురు గీసి టైలు నొక్కాలి. మొదటి మూడు టైళ్లు పెట్టాక ఒకదాన్ని మళ్లీ ఎత్తి వీపు చూడండి. జిగురు గీతలు నలిగి వీపంతా పరుచుకుని ఉండాలి. మధ్యలో మాత్రమే అంటి మూలలు బోసిగా ఉంటే రేపు మంచం కాలు పడ్డ మూల విరుగుతుంది. మర్నాడు ప్రతి టైలునూ రూపాయి బిళ్లతో తట్టండి. గట్టి టైలు టక్కుమంటుంది, లోపల ఖాళీ ఉన్నది కుండలా మోగుతుంది. డొల్ల మోత వచ్చినవాటి మీద సుద్దతో గుర్తు పెట్టండి. గ్రౌటు పెట్టకముందు తీయడం తేలిక.

ఒకే గుమ్మం కదా, పేర్పు లోపలి గోడ నుంచి మొదలై గుమ్మం దగ్గర ముగియాలి. కానీ ముక్కలు ఎక్కడ పడతాయో ముందే పొడిగా పేర్చి చూసుకోవాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపించేది నిండు టైలు, కోసిన ముక్క మంచం కిందికి. టైళ్ల మధ్య రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు. సందు లేకుండా తోసేసిన నేల వేసవిలో మధ్యలోంచి పైకి లేస్తుంది.

(ఇంకొకరు: వరద వస్తే ఏం చేయాలండి? మాది సింగ్ నగర్.)

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు మీ ఇళ్లలో రోజుల తరబడి నిలిచాయి, మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. పల్లంలో గది అయితే ప్లగ్గులన్నీ నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టండి, కరెంటు పైపులు పైనుంచే దింపండి, నేల వెంట ఒక్కటి కూడా వద్దు. కింది అరలు ప్లైవుడ్‌తో కాకుండా కడప రాయితో కట్టించుకోండి, తలుపులు అల్యూమినియంవి. నీళ్లు తీశాక కడిగి ఆరబెట్టుకోవచ్చు. జిప్సం అడ్డగోడలు అసలు వద్దు.

ఇక చివరి వారం. గ్రౌటు పెట్టాక మూడు రోజులు బరువు వేయకుండా వదిలి, తలుపు రెక్కలు బిగించండి. కింద సందు ఇప్పుడు పూర్తయిన నేల మీద నుంచి కొలిచి కోస్తారు కాబట్టి తర్వాత రంద పట్టే పని ఉండదు. కోసిన కింది అంచుకు కూడా రంగో పాలిషో పట్టించాలి, అందరూ మర్చిపోయే చోటు అదే. తేమ ఎక్కేది అక్కడినుంచే. బీరువా కొలతలు కూడా ఇప్పుడే తీసుకోవాలి. పూతకు ముందు తీసుకున్న కొలతతో చేయించిన బీరువా అంగుళం పెద్దదై గోడలో దూరదు. బాత్రూము గోడకు ఆనించొద్దు, తప్పనిసరైతే వెనక అర అంగుళం గాలి సందు వదలండి. ఆ తర్వాత కమోడు, కుళాయిలు. ఆ తర్వాత రంగు రెండో కోటు. అది ఆరాక స్విచ్చు ప్లేట్లు, లైట్లు, ఫ్యాను. ప్లేట్లు ముందు బిగిస్తే వాటి చుట్టూ కుంచె మరకలు.

మొత్తం ఎన్నాళ్లు? చెక్కుడు, పైపులు, పరీక్ష వారం. పూత నాలుగు రోజులు. అక్కడి నుంచి 28 రోజులు, అందులోనే బాత్రూము, గట్టు. సీలింగు, లప్పం, మొదటి కోటు పది రోజులు. నేల ఎనిమిది. చివరి బిగింపులు నాలుగైదు. అరవై రోజులకు కాస్త అటూ ఇటూ. గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకునేవాళ్లు ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, పూత ఏ రోజుకు అయిపోవాలో క్యాలెండరు మీద సున్నా చుట్టుకోండి. ఆ రోజు దాటిపోతే ముహూర్తమే జరపాలి. 28 రోజులను జరపొద్దు.

పని అయ్యాక నాలుగు టైళ్లు, అర లీటరు రంగు, గ్రౌటు రంగు పేరు రాసిన చీటీ, ఆ గోడల ఫోటోలు. ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి సీలింగు పైకి కాకుండా మంచం కింద పెట్టుకోండి. పైన పెడితే రేకుల వేడికి రంగు గడ్డకడుతుంది. టీ వచ్చినట్టుంది. మిగిలిన ప్రశ్నలు తాగుతూ మాట్లాడుకుందాం.